చలి తక్కువైన చోటే చిమ్నీకి గండం

విశాఖలో ఉంటూ కట్టెల స్టవ్ గురించి, దాని చిమ్నీ గురించి ఇంత పొడుగు వ్యాసం ఏమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. నిజమే, బీచ్ రోడ్డులో జనవరి రాత్రి కూడా చలి సాధారణంగా 17, 18 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మనకు చలికాలమంటే పొద్దున్నే వాకింగుకి ఒక స్వెట్టరు, పెద్దవాళ్ళకి మంకీ క్యాప్, అంతే. ఘాట్ ఎక్కితే మాత్రం కథ వేరు. అటు అనంతగిరి, అరకు, ఇటు చింతపల్లి దారిలో లంబసింగి, డిసెంబరు జనవరిల్లో అక్కడ ఉష్ణోగ్రత ఒంటి అంకెలోకి దిగడం మామూలే, కొన్నేళ్ళు సున్నా దాకా కూడా వెళ్ళింది. 2022లో జిల్లాలు విడగొట్టాక ఆ ఊళ్ళన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి గానీ, అక్కడ కాటేజీలు, హోమ్‌స్టేలు పెట్టినవాళ్ళలో చాలామంది విశాఖవాళ్ళు, శనివారం కారేసుకుని ఎక్కేవాళ్ళలోనూ మనవాళ్ళే ఎక్కువ. ఆ కాటేజీల్లో ఈమధ్య కొత్తగా కనిపిస్తున్న వస్తువు ఇనుప స్టవ్. అద్దం తలుపు, లోపల మంట, పైకప్పు చీల్చుకుని పైకి పోయే నల్లటి గొట్టం. ఫొటోలకి బాగుంటుంది, బుకింగులు కూడా పెరుగుతాయట.

నాకు ఆ స్టవ్ మీద ఏ కోపమూ లేదు. కోపమంతా దాని వెనకాల వినిపించే ఒక మాట మీద. "మనది రెండు నెలల చలి, దీనికి చిమ్నీ తోమించడాలూ అవీ ఎందుకండీ, అదంతా మంచు కురిసే దేశాల గొడవ." మా బావమరిది కూడా ఇదే అంటాడు, అతనికి అరకు దగ్గర మూడు గదుల హోమ్‌స్టే ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఫర్నేసుల మెయింటెనెన్సులోనే ఉన్నాను, మంటలూ గొట్టాలూ తప్ప వేరే లోకం తెలియదు, అందుకని ఈ విషయంలో గట్టిగానే చెబుతాను: ఆ మాట పూర్తిగా తలకిందులు. చలి తక్కువైన చోటే చిమ్నీ త్వరగా పాడవుతుంది, త్వరగా మూసుకుపోతుంది, అంటుకునే ప్రమాదమూ అక్కడే ఎక్కువ.

ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. చిమ్నీ పని పొగని బయటకి తోలడమే అనుకుంటాం గానీ, అసలు అది గాలిని లోపలికి లాగే యంత్రం. కరెంటు లేదు, ఫ్యాను లేదు. గొట్టంలో వేడిగాలి తేలికై పైకి పోతుంటే, ఆ ఖాళీలోకి స్టవ్ కింది రంధ్రాల నుంచి కొత్త గాలి వచ్చి మంటని నిలబెడుతుంది. ఈ లాగుడికి కావలసినవి రెండు, గొట్టం ఎత్తు, లోపలికీ బయటకీ వేడిలో తేడా. బయట ఎంత చలిగా ఉంటే లాగుడు అంత బలంగా ఉంటుంది. 4 మీటర్ల గొట్టం తీసుకుని లెక్క వేయండి. గదిలో 20 డిగ్రీలు, బయట మైనస్ 20 అయితే, ఇంకా అగ్గిపుల్ల గీయకముందే ఆ గొట్టంలో 7 పాస్కళ్ళ (పాస్కల్ అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పైచిలుకు లాగుడు ఉంటుంది. అదే గొట్టం, అదే గది, బయట అరకు రాత్రి 10 డిగ్రీలు అనుకోండి, 2 పాస్కళ్ళు కూడా రాదు. యూరప్‌లో స్టవ్‌లని పరీక్షించేటప్పుడు లాగుడు మామూలుగా 12 పాస్కళ్ళ దగ్గర పెట్టి చూస్తారు. అంటే మంచు దేశంవాడికి వెలిగించకముందే సగం పని అయిపోయి ఉంటే, మనం ఇంచుమించు సున్నా నుంచి మొదలుపెడుతున్నాం. "వెలిగించగానే గదంతా పొగ కమ్మేస్తోంది సార్, స్టవ్‌లోనే ఏదో లోపం ఉంది" అని నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమందికి స్టవ్‌లో ఏ లోపమూ లేదు. గొట్టం పొట్టిది, అది కూడా చల్లగా ఉంది, అంతే. దీనికి తోడు లోయలో తెల్లవారుజామున చల్లగాలి అడుగున పేరుకుని, వెచ్చటి గాలి దాని మీద మూతలా కూర్చుంటుంది. ఊళ్ళో పొగ పైకి పోకుండా చెట్ల నడుమ అడ్డంగా సాగుతుంటే టూరిస్టులు అబ్బ ఎంత బాగుందో అని వీడియోలు తీస్తారు, సరిగ్గా ఆ గంటలోనే చిమ్నీలన్నీ మొరాయిస్తాయి.

ఇక రెండో సంగతి, నా దృష్టిలో ఇదే ముఖ్యం. మైనస్ 20లో ఉన్నవాడు స్టవ్‌ని నిండుగా మండిస్తాడు, ఎంత మండించినా వాడికి చాలదు. మనకు అరగంట తిరక్కుండానే గది ఉడికిపోతుంది. అప్పుడేం చేస్తాం? స్టవ్‌లోకి గాలి వచ్చే రంధ్రాలు మూసేస్తాం. కట్టె మాత్రం లోపలే ఉంది, గాలి లేదు, మండదు, ఆరిపోదు, రాత్రంతా రగులుతూ ఉంటుంది. గెస్టుకి చూడముచ్చటగా ఎర్రటి నిప్పు కనిపిస్తుంది, లోపల జరిగేది వేరు. పొగంటే కాలని ఇంధనమే, తారు ఆవిరి, నీటి ఆవిరి కలిసి పైకి పోతుంటాయి. గొట్టం గోడ 120 డిగ్రీల కంటే చల్లగా ఎక్కడ దొరికితే అక్కడ ఆ ఆవిరి చెమ్మలా అంటుకుంటుంది. దాన్నే క్రియోసోట్ అంటారు. మొదట్లో అది మెత్తటి మసి, బ్రష్ పెడితే రాలిపోతుంది. పట్టించుకోకపోతే నల్లటి పెళుసు పెచ్చులవుతుంది. ఇంకా వదిలేస్తే ముదురుపాకం పట్టిన బెల్లంలా నల్లగా నిగనిగలాడుతూ గొట్టానికి కరుచుకుంటుంది, ఇక బ్రష్ కాదు కదా ఉలి పెట్టినా రాదు. ఒకరోజు ఎవరో కాగితాలూ ఎండుపుల్లలూ గుప్పించి పెద్ద మంట పెడతారు, ఆ సెగకి ఈ పూత అంటుకుంటుంది. గొట్టం లోపల మంట 1,000 డిగ్రీలు దాటగలదు. పైకప్పు చెక్క అయినా, దాని కింద ఫాల్స్ సీలింగు ఉన్నా ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి స్టవ్ కొనేటప్పుడే సగం జబ్బు అంటుకుంటోంది. 12 అడుగుల గదికి 10 కిలోవాట్ల స్టవ్ పెట్టిస్తున్నారు, పెద్దదైతే గ్రాండుగా ఉంటుందని. 12 బై 12, ఎత్తు 9 అడుగులు అంటే సుమారు 37 ఘనపు మీటర్లు. ఇంగ్లండులో వాడే మోటు లెక్క 14 ఘనపు మీటర్లకి ఒక కిలోవాట్, అంటే అక్కడి చలికే ఆ గదికి రెండున్నర చాలు. మనకి అంతకన్నా తక్కువే కావాలి. పెద్ద స్టవ్ కొని గొంతు నొక్కి వాడటం కంటే చిన్న స్టవ్ కొని ఒళ్ళు విరుచుకుని మండనివ్వడం వెయ్యి రెట్లు నయం. ఇప్పటికే పెద్దది కొనేసి ఉంటే తక్కువ కట్టె వేసి చురుగ్గా మండించి, ఆరిపోనివ్వండి, గది చల్లబడితే మళ్ళీ వెలిగించండి. పడుకునే ముందు దుంగలు కుక్కి గాలి మూసేసి రావడం మాత్రం వద్దు. అది గెస్టుకి సౌకర్యమని బావమరిది వాదన, అది చిమ్నీకి తారు పోసిరావడమని నా వాదన.

ఈ దీపావళి వెళ్ళాక అతని కాటేజీలో గొట్టం విప్పించి చూశాం. విప్పకముందే బయట నుంచే సంగతి తెలిసిపోయింది. ప్రతి జాయింటు కింద గొట్టం మీద నల్లటి చారలు, తారు కారి ఎండిపోయినట్టు, చేత్తో తడిమితే జిగురు, ముక్కుకి కాలిన కమురు వాసన. పై టోపీకి పిట్టలు దూరకుండా చుట్టిన జాలీ సగం పైగా పూడిపోయింది, వేలితో పొడిస్తే పెచ్చులు రాలాయి. స్టవ్‌కి దగ్గరగా ఉన్న ముక్కలో బూడిదరంగు దుమ్ము తప్ప ఏమీ లేదు, ఎప్పుడూ వేడిగా ఉండే భాగం అది. పైకప్పు దాటాక మొదలైంది. సింగిల్ షీటు గొట్టం, చుట్టూ చల్లగాలి, అక్కడ పెచ్చులు చిటికెన వేలంత మందాన లేచి ఉన్నాయి, ఆ పైన చివరి అడుగు లోపలంతా నిగనిగ. 3 మిల్లీమీటర్ల మందం పేరుకుంటే తోమించి తీరాలి, 6 దాటితే ఆ చిమ్నీ వెలిగించడమే ప్రమాదం అనేది ఈ పనిలో ఉన్నవాళ్ళంతా ఒప్పుకునే లెక్క. స్టవ్ కొని రెండు సీజన్లే అయింది. మంచు దేశాల గొడవ అన్న మనిషి టార్చి పట్టుకుని ఆ గొట్టంలోకి చాలాసేపు చూశాడు.

ఆ చారలకి కారణం జాయింటు. ముక్కలు బిగించేటప్పుడు పై ముక్క చివర కింది ముక్క లోపలికి దూరాలి. ఇక్కడ రివర్సులో బిగించారు. వెల్డింగు మేస్త్రీని అడిగితే, "పొగ పైకే కదా సార్ పోయేది, కిందది పైదాంట్లో దూరితేనే కదా లీకవ్వకుండా పోద్ది?" అన్నాడు. తప్పేం కాదు, ఎవరికైనా అలాగే తోస్తుంది. "పొగ పైకి పోతుందయ్యా, తారు కిందకి కారుతుంది. డాబా మీంచి వాన నీళ్ళ పైపు ఎలా బిగిస్తావు?" అంటే ఒక్క క్షణం ఆగి, "అబ్బో" అని నవ్వేశాడు. లోపల కారినది లోపలే కారుతూ వచ్చి స్టవ్‌లో పడితే కాలిపోతుంది, బయటికి వస్తే చెక్క మీదా గోడ మీదా పడి, అంటుకోవడానికి రెడీగా ఉంటుంది.

గొట్టం విషయంలో మనవాళ్ళు చేసే పొదుపు చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. స్టవ్‌కి వేలకి వేలు పోస్తారు, గొట్టం దగ్గరకొచ్చేసరికి ఏది చేతికి దొరికితే అది. కొందరు సిమెంటు రేకుల షాపులో దొరికే ఏసీ పైపు పెడతారు, అది ఆస్‌బెస్టాస్, గట్టి సెగ తగిలితే ఫట్‌మని పగులుతుంది, కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకి విషం. కొందరు జీఐ షీటు, అంటే జింకు పూత పూసిన ఇనుప రేకు, చుట్టిస్తారు, బయటి తొడుగుకి అది బాగానే పనికొస్తుంది గానీ లోపలి గొట్టానికి వాడితే స్టవ్ దగ్గరి సెగకి జింకు పూత చెడిపోయి పొగలొస్తాయి. సరైన పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గది లోపల కాస్త మందం ఉన్న ఎంఎస్ (మామూలు ఉక్కు) గొట్టం, పైకప్పు నుంచి పైకంతా డబుల్ గొట్టం, లోపల 304 గ్రేడు స్టెయిన్‌లెస్, బయట జీఐ, రెండింటి మధ్య సిరామిక్ ఊలు బ్లాంకెట్. ఈ బ్లాంకెట్ విశాఖలో గాజువాక, ఆటోనగర్ వైపు ఫర్నేసు పనులు చేసేవాళ్ళందరికీ తెలిసిందే. ఇనుము, ఫర్నేసులు, వెల్డింగు, ఈ మూడూ తెలిసిన చేతులు ఇన్ని ఉన్న ఊరు మన రాష్ట్రంలో ఇంకోటి లేదని నా నమ్మకం, అలాంటి ఊరివాళ్ళు కొండ మీద సింగిల్ షీటు గొట్టాలు నిలబెట్టడం నాకు నామోషీగా ఉంటుంది. ఎత్తు కూడా చూడండి, పైకప్పుని చీల్చిన చోటు నుంచి కనీసం 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల్లో ఏది ఎత్తుగా ఉందో దానికన్నా 2 అడుగులు పైన ఉండాలి. ఇది అమెరికాలో ఎప్పటినుంచో పాటిస్తున్న నియమం, మన లాగుడు ఎలాగూ బలహీనం కాబట్టి ఇంకో నాలుగడుగులు కలిపినా నష్టం లేదు. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. పాకకి, తాటాకు కప్పుకి మాత్రం ఈ స్టవ్ జోలికే పోకండి.

తోమడం ఎప్పుడు? అందరూ చలికాలం ముందు అంటారు. నేను ఒప్పుకోను, మన దగ్గర ఆ పని మార్చిలో అయిపోవాలి. మంచు దేశాల్లో స్టవ్ ఏడాదిలో ఆరేడు నెలలు పనిచేస్తుంది, మనది పది నెలలు ఖాళీగా కూర్చుంటుంది, ఆ పది నెలల్లో జూన్ నుంచి అక్టోబరు దాకా వాన, అదైపోయిందనుకుంటే తుపాన్లు. బూడిదకి తేమ తగిలితే క్షారమవుతుంది, పూర్వం గిన్నెలు తోమడానికి బూడిద ఎందుకు వాడేవాళ్ళో గుర్తు చేసుకోండి. ఇనుప స్టవ్ అడుగున రెండంగుళాల బూడిద వదిలేసి తాళం వేసి వస్తే, వర్షాకాలమంతా అది తేమ పీలుస్తూ షీటుని తింటూ కూర్చుంటుంది. గొట్టంలో మసిదీ అదే వరస, దానికి ఆమ్ల గుణం. ఈ కొండల్లో స్టవ్‌ల ఆయుష్షు మంటతో కంటే తుప్పుతోనే తరిగిపోతోందని నా అనుభవం. కాబట్టి ఆఖరి గెస్టు వెళ్ళిపోగానే బూడిద మొత్తం తీసి, గొట్టం తోమి, లోపల పొడిగుడ్డతో తుడిచి, తలుపు ఓరగా తెరిచి వదలండి. గొట్టంలో గుడ్డలు కుక్కి మూయదలిస్తే స్టవ్ తలుపుకి ఎర్రటి చీటీ కట్టండి, లేకపోతే డిసెంబరులో కుర్రాడెవడో ఆ సంగతి తెలియక అంటించేస్తాడు. అక్టోబరు నవంబరుల్లో చేసేది తనిఖీ మాత్రమే. కందిరీగ మట్టిగూడు కట్టిందా, పావురం పుల్లలు పెట్టిందా, టోపీ గాలికి ఎగిరిపోయిందా, పైకప్పు దగ్గర గొట్టం చుట్టూ వేసిన సీలు ఊడి వాన నీళ్ళు కారాయా, అంతే.

ఆ తనిఖీలో స్టవ్‌కి కూడా పది నిమిషాలు ఇవ్వండి. తలుపు చుట్టూ ఉండే ఫైబర్ తాడు గట్టిపడిపోతుంది. చూడటానికి తేలిక దారి ఉంది, తలుపుకీ దాని చట్రానికీ మధ్య ఒక పది రూపాయల నోటు పెట్టి బిగించి లాగండి, చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చేయండి, నోటు జారి సులువుగా వచ్చేసిన చోట తాడు పోయినట్టు. లోపలి ఫైర్ ఇటుక సన్నగా చిట్లితే భయం లేదు, ముక్కలుగా రాలితే మార్చాలి. దాన్ని మామూలు సిమెంటుతో అతికితే రెండో మంటకే ఊడిపోతుంది, ఫైర్ క్లే మోర్టారే కావాలి.

కట్టె గురించి చెప్పకపోతే పైన చెప్పిందంతా దండగ. 10 కిలోల పచ్చికట్టెలో నాలుగైదు కిలోలు నీళ్ళే ఉండొచ్చు, ఆ నీళ్ళని మరిగించి ఆవిరి చేసి పైకి పంపాక మిగిలిన వేడే మనకి. పైగా ఆ ఆవిరితో గొట్టం చల్లబడి తారు ఇంకా పేరుకుంటుంది. తేమ 20 శాతం లోపుండాలి. దానికి కట్టెని దుంగగా కాదు, పేళ్ళుగా చీల్చి, నేలకి తగలకుండా ఇటుకల మీద పేర్చి, పైన రేకు కప్పి, పక్కలు గాలికి వదిలేసి, కనీసం ఒక పూర్తి ఎండాకాలం దాటించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి విశాఖలో చెట్లన్నీ నేలమట్టం చేసినప్పుడు ఊరంతా ఊరికే వచ్చిన కట్టె. చాలామంది దుంగల్ని బెరడుతో సహా పెరట్లో పడేసి ఉంచారు, చీల్చిన వాళ్ళకి మరుసటి ఏడు కట్టె మిగిలింది, చీల్చనివాళ్ళకి చెదలు మిగిలాయి. ఎండిన పేడు చివర్లు పగుళ్ళు తేలి ఉంటాయి, రెండిటిని కొడితే ఖంగుమంటాయి, పచ్చిదైతే దబ్‌మంటుంది. తేమ మీటరు ఆన్‌లైన్లో దొరుకుతుంది, కాకపోతే పైన గుచ్చి చూస్తే మోసపోతారు, పేడుని అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చాలి.

ఏ కట్టె అంటే, నా ఓటు సరుగుడుకే. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరమంతా తోటలున్నాయి, గట్టి కట్టె, నిప్పు బాగా నిలుస్తుంది. కాఫీ తోటల్లో నీడకి పెంచే సిల్వర్ ఓక్ కొండమీదే దొరుకుతుంది, త్వరగా మండిపోతుంది గానీ ఎండితే చక్కగా వెలుగుతుంది, రాజెయ్యడానికి అది, నిలబెట్టడానికి సరుగుడు. రిజర్వు ఫారెస్టు నుంచి రాత్రిళ్ళు దిగే కట్టె చవగ్గా వస్తుందని కొనకండి, దాని సంగతి మీకూ తెలుసు. ఒక పెద్దమనిషి బీచ్‌లో కొట్టుకొచ్చిన కర్రలు ఏరి తీసుకెళ్ళి స్టవ్‌లో పెట్టేవాడు, మంట నీలం ఆకుపచ్చ రంగుల్లో వస్తుందని మురిసిపోతూ. ఆ రంగులు ఉప్పు పుణ్యం, ఆ ఉప్పులో క్లోరిను స్టవ్‌నీ గొట్టాన్నీ తినేస్తుంది, పొగలో విషపదార్థాలూ పుట్టిస్తుంది. పాత పడవల చెక్క అయితే పైన రంగులు కూడా. పోర్టు సరుకుతో వచ్చే ప్యాకింగు చెక్క కూడా చవగ్గా దొరుకుతుంది, దాని మీద ముద్ర చూడండి, హెచ్‌టి అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాసు పట్టించింది, ఆ రెండోదాన్ని ఇంట్లో కాల్చకండి. జీడి తొక్కలు బ్రహ్మాండంగా మండుతాయి కదా అని అడుగుతారు, మండుతాయి, వాటిలో నూనె ఒంటిమీద పడితే బొబ్బలెక్కుతుంది, దాని పొగ గదిలోకి తంతే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంత గొడవెందుకు, బొగ్గుల కుంపటి పెట్టేస్తే పోలా, పొగ కూడా రాదు అనేవాళ్ళున్నారు. ఇది విన్నప్పుడు మాత్రం నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. బొగ్గుకి పొగ లేకపోవడమే ప్రమాదం. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు, రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, మత్తు, నిద్రలో ఉన్నవాడికి అదీ తెలియదు. "మా అమ్మమ్మ రోజూ కుంపటి దగ్గరే కూర్చునేది, ఏమైంది?" అంటారు. అమ్మమ్మది పెంకుటిల్లు బాబూ, వంటింట్లో పొగగూడు ఉండేది, పెంకుల సందుల్లోంచి ఆకాశం కనపడేది. మీ కాటేజీది స్లాబు, కిటికీలకి రబ్బరు బీడింగు వేసిన అల్యూమినియం స్లైడింగు తలుపులు. అయినా అమ్మమ్మకి ఏమీ కాలేదని ఎవరన్నారు, ఆ దగ్గు మర్చిపోయారా? ఇళ్ళల్లో వంటపొగ వల్ల 2020లో ప్రపంచమంతా కలిపి 32 లక్షల మంది చనిపోయారని డబ్ల్యూహెచ్ఓ అంచనా. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది ఊరికే కాదు. ఆ పొయ్యిల ముందు నుంచి వాళ్ళని లేపడానికి అన్నేళ్ళు పడితే, మనం డబ్బిచ్చి మరీ పొగ గదిలో పడుకోవడానికి కొండెక్కుతున్నాం. స్టవ్ ఉన్న ప్రతి పడకగదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి, బ్యాటరీతో నడిచేది, గెస్టులు మారినప్పుడల్లా బటన్ నొక్కి చూడాలి. ఈ ఒక్క విషయంలో బేరాల్లేవు.

సరే, తోమేదెవరు? మనకి ఆ వృత్తే లేదు. జర్మనీలో లైసెన్సున్న చిమ్నీ పనివాడు చట్టం ప్రకారం ఇంటికొచ్చి చూసి వెళ్తాడు, మీకిష్టమున్నా లేకపోయినా. బ్రిటన్‌లో ఒకప్పుడు చిన్నపిల్లల్ని గొట్టాల్లోకి ఎక్కించి తోమించేవాళ్ళు, ఆ మసి వల్ల వాళ్ళకి పెద్దయ్యాక క్యాన్సరు వస్తోందని 1775లో పెర్సివల్ పాట్ అనే సర్జన్ రాశాడు, పిల్లల్ని ఎక్కించడం పూర్తిగా ఆగడానికి 1875 చట్టం దాకా పట్టింది, నూరేళ్ళు. మసి అంత పాడుది, అందుకే తోమేటప్పుడు ఎన్95 మాస్కు, గ్లవ్స్, కళ్ళద్దాలు ఉండాలి, రోజుకూలీకి వచ్చిన కుర్రాడికైనా సరే, అవి మీరే కొనివ్వండి. రేకుల మీదకి మనిషిని ఎక్కించకండి, సిమెంటు రేకు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. అందుకే గొట్టం బిగించేటప్పుడే కింద ఒక టీ ముక్క (ఇంగ్లీషు T ఆకారంలో ఉండే గొట్టం ముక్క), దానికి మూత పెట్టించుకుంటే కింద నుంచే బ్రష్ పంపి తోమొచ్చు. బాయిలరు ట్యూబులు తోమే గుండ్రటి బ్రష్ గొట్టం సైజుకి సరిపోయేది తీసుకుని, వంగే రాడ్లకి బిగిస్తే చాలు. స్టెయిన్‌లెస్ గొట్టానికి నైలాన్ బ్రష్ మంచిది, ఇనుప బ్రష్ గీతలు పెడుతుంది, గీతలు పడ్డచోట తుప్పు మొదలవుతుంది. తోమేముందు స్టవ్ తలుపు మూసి అంచులకి టేపు అంటించండి, లేకపోతే తెల్ల దుప్పట్ల సంగతి గోవిందా. తీసిన బూడిద చల్లగా అనిపించినా లోపల నివురుగప్పిన నిప్పు రెండు మూడు రోజులైనా ఉండొచ్చు, మూత ఉన్న ఇనుప బకెట్టులో వేసి ఇంటికి దూరంగా పెట్టండి, ప్లాస్టిక్ చెత్తబుట్టలో కాదు.

సీజను మొదలయ్యాక గెస్టులకి వెలిగించే పని వదలకండి, కాటేజీ మనిషే వెలిగించాలి. ముందు ఒక న్యూస్‌పేపరు ఉండచుట్టి గొట్టం మొదట్లో కాల్చితే చల్లటి గొట్టం కాస్త మేలుకుంటుంది, లాగుడు మొదలవుతుంది. లావుపేళ్ళు అడుగున, పైన సన్నపుల్లలు, మంట పైనుంచి కిందకి పాకేలా పెడితే పొగ తక్కువ. మొదటి ఇరవై నిమిషాలు గాలి పూర్తిగా తెరిచి ఉంచండి. గొట్టంలో హోరు వినిపించి, గొట్టం ఎర్రబడటం మొదలైతే అది చిమ్నీ అంటుకోవడమే, గాలి రంధ్రాలన్నీ మూసి, అందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి, నీళ్ళు మాత్రం పొయ్యకండి.

ఇప్పుడు నవంబరు, మార్చి పని మార్చిలో చేయనివాళ్ళకి కూడా ఇంకా టైముంది. మసి, పెచ్చులు అయితే ఒక పూటలో తోమేయొచ్చు. నిగనిగ పూత కనిపిస్తే మాత్రం ఆ ముక్క తీసి పారేసి కొత్తది వేయించాలి, లేదా ఈ ఏడాదికి ఆ స్టవ్ షోపీసే. బావమరిదికి ఒక గదిలో గొట్టం మంచిగానే ఉంది, రెండోదానికి పై ముక్కలు ఆటోనగర్లో తయారవుతున్నాయి. మూడో గదిలో స్టవ్‌కి తాళం వేసి, రెండు పెద్ద రజాయిలు, వేడినీళ్ళ బ్యాగులు పెట్టించాను. బుకింగ్ పేజీలో మంట ఫొటో తీసేయాల్సి వచ్చిందని అతను నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, మా ఆవిడ కూడా తమ్ముడి పక్షమే.